డబ్బు ఏ గుమ్మంలోంచి వెళ్తోందో ముందు చూడు

చి. మేనకోడలికి, పాతపట్నం నుంచి మావయ్య ఆశీస్సులు.

ఇంట్లో ఫోన్లు, టీవీ, నెట్టు, పత్రికల చందాలు ఇకమీదట నువ్వే చూసుకుంటానన్నావని అక్క చెప్పింది. అయితే దేన్నీ వెంటనే ఆపెయ్యకు, పొడిగించకు. ముందు బావగారి బ్యాంకు స్టేట్‌మెంటు పన్నెండు నెలలది తీసి ముందరేసుకో. మూడు నెలలది చాలదు, ఏడాదికోసారి కోసే చందాలు అందులో కనపడవు. ప్రతి చందాకీ నోటుపుస్తకంలో ఒక వరస రాయి: పేరు, ఎంత, ఎన్నాళ్లకోసారి, మళ్లీ ఎప్పుడు, ఏ ఫోన్ నంబరు లేదా మెయిల్‌తో తీసుకున్నారు, డబ్బు ఏ దారిలో వెళ్తోంది. ఆఖరిదే అసలైనది.

డబ్బు వెళ్లే గుమ్మాలు మామూలుగా నాలుగు. యూపీఐ ఆటోపే ఒకటి, అంటే ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లో ఒక్కసారి పిన్ కొట్టి ఇచ్చే అనుమతి, ఆపైన గడువు రాగానే డబ్బు దానంతటదే పోతుంది. డెబిట్ లేదా క్రెడిట్ కార్డు మీద ఇచ్చిన అనుమతి రెండోది. ప్లే స్టోర్, ఐఫోన్ అయితే యాపిల్ ఖాతా, మూడోది. ఫోన్ బ్యాలెన్సులోంచి కోసుకునేవి నాలుగోది. ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చిందో ఆ గుమ్మంలోంచే బయటికి పంపాలి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఫోన్ మార్చినా ఆగదు. జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

యూపీఐ సంగతి కాస్త వివరంగా చెప్తాను. 'మొదటి ఏడు రోజులు ఒక్క రూపాయే' అన్న యాప్‌లో పిన్ అడిగే తెర వస్తుంది. అక్కడ ఆగు. పెద్ద అక్షరాల్లో రూపాయి ఉంటుంది. దాని కింద సన్నగా ఇంకో అంకె, 'వరకు' అనే మాటతో. చందా నెలకి 149 అయినా అనుమతి మాత్రం 999 వరకు అడగొచ్చు. ఆ 'వరకు' అంటే రేపు ధర పెంచినా నిన్ను మళ్లీ పిన్ అడక్కుండా అంతదాకా కోసుకోవచ్చని. దాని పక్కనే ఎన్నాళ్లకోసారి అన్నది, ముగింపు తేదీ ఉంటాయి. ముగింపు తేదీ ఇరవై, ముప్పై ఏళ్ల తరవాతది కూడా కనిపిస్తుంది, కంగారు పడకు, ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు నీదే. కానీ 'వరకు' దగ్గర అంకె అసలు ధరకి ఆరు రెట్లుంటే నా మాట విని పిన్ కొట్టకు.

రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలాంటి ప్రతి కోతకీ కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి: ఎవరికి, ఎంత, ఏ రోజు అని. 15,000 రూపాయల దాకా మళ్లీ ఓటీపీ, పిన్ అడగరు. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లుకి ఆ హద్దు లక్ష. అందుకని ముందు రోజు మెసేజే నీకున్న ఆఖరి తలుపు. అది బావగారి ఫోన్‌కి వస్తుంది, ఆయన ఇంగ్లీషు మెసేజ్‌లు చదవరు. బ్యాంకులో నమోదైన నంబరు ఎవరి చేతిలో ఉందో, ఆ మెసేజ్‌లు రోజూ ఎవరు చూస్తారో ఇంట్లో తేల్చుకోండి.

రద్దు చేసే పద్ధతి: యూపీఐ యాప్‌లో నీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే అనే వరస దొరుకుతుంది. నడుస్తున్నవన్నీ అందులో ఉంటాయి. కొన్నాళ్లు ఆపడం వేరు, పూర్తిగా రద్దు వేరు. రద్దు చేసింది మళ్లీ బతకదు, కొత్తగా పెట్టుకోవాలి. ఏ యాప్‌లో పెట్టారో ఆ యాప్‌లోనే ముందు వెతుకు. ఇంట్లో ముగ్గురికి మూడు యాప్‌లు ఉంటాయి కదా, ఒక దాంట్లో కనపడలేదని లేదనుకోకు. ప్లే స్టోర్‌లో అయితే ప్రొఫైల్ బొమ్మ, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, సబ్‌స్క్రిప్షన్స్, ఆ తరవాత క్యాన్సిల్. ఫోన్‌లో రెండు మెయిళ్లుంటే రెండింటిలోనూ చూడు. ఐఫోన్‌లో సెట్టింగ్స్ పైన పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. అక్కడ ఉచిత గడువు ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చెయ్యాలి. కార్డుదైతే బ్యాంకు యాప్‌లో కార్డుల దగ్గర ఈ-మాండేట్ అని వెతుకు, కార్డు మీద ఇచ్చిన అనుమతికి వాళ్ల పేరు అదే. ఫోన్ బ్యాలెన్సులోంచి జాతకాలు, కాలర్ ట్యూన్ల పేరుతో పోతుంటే వాటిని ఆపించడానికి 155223కి ఫోన్ చెయ్యి, మెసేజ్ పెట్టినా సరే, దానికి ఛార్జీ ఉండదు.

ఉచిత గడువు తీసుకున్న రోజే రద్దు చేసేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ప్లే స్టోర్‌లో అలా చేసినా గడువు పూర్తయ్యేదాకా సాధారణంగా నడుస్తుంది. రద్దు చేసేముందు తెర మీద 'ఫలానా తేదీ వరకు వాడుకోవచ్చు' అన్న ముక్క చదువు. పొరపాటున డబ్బు కోసేస్తే 48 గంటల్లోపు గూగుల్‌కి రీఫండ్ అడుగు. తరవాతైతే యాప్ వాళ్లనే బతిమాలుకోవాలి.

ఏడాదిది తీసుకోవాలా, నెలనెలా కట్టాలా అన్నది భాగహారం. నెలకి 149, ఏడాదికి 1,199 అనుకో. 1,199ని 149తో భాగిస్తే ఎనిమిది దాటుతుంది. అంటే తొమ్మిది నెలలు నిజంగా చూస్తేనే ఏడాదిది లాభం. క్రికెట్ కోసం రెండు నెలలు చూసేవాళ్లకి నెలదే చవక. మొదటి ఏడాది తగ్గింపు ధర ఉంటే రెండో ఏడాది ఎంతో అక్కడే రాసుంటుంది, అది నోటుపుస్తకంలో ఎక్కించు. నెట్టు కనెక్షన్ ధర చెప్పేటప్పుడు జీఎస్టీ కలిపారో లేదో అడుగు. 499 అంటే 18 శాతం కలిసి 588 రూపాయల 82 పైసలు. రీఛార్జితోనో నెట్టుతోనో ఉచితంగా వచ్చిన ఓటీటీకి టీవీలో ఇంకెవరో వేరేగా డబ్బు కడుతుంటారు. ముందు అలాంటి జంటల్ని ఏరు.

ఫోన్ రీఛార్జిలో 'నెల' అంటే మామూలుగా 28 రోజులు. అలా ఏడాదికి పదమూడుసార్లు పడుతుంది. రోజుకి ఎంతో చూసుకో: 28 రోజులకి 299 అయితే రోజుకి 10 రూపాయల 68 పైసలు, 84 రోజులకి 799 అయితే 9 రూపాయల 51 పైసలు. ధరలు మారతాయి, లెక్క ఇదే. ప్రతి కంపెనీ 30 రోజులది ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది ఒకటీ ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే నియమం పెట్టింది. వాటిని ముందుకి చూపించరు, అడగాలి. అమ్మమ్మ బటన్ ఫోన్‌కి డేటా ఎందుకు? మాటలు, మెసేజ్‌లకి మాత్రమే ఉండే వోచర్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో నిబంధన వచ్చింది, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు.

గడువు తీరకముందే రీఛార్జి చేస్తే కొన్నిచోట్ల కొత్త ప్యాక్ పాతది అయ్యాక మొదలవుతుంది, కొన్నిచోట్ల ఆ క్షణమే మొదలై మిగిలిన రోజులు కొట్టుకుపోతాయి. కట్టేముందు ఆ ఒక్క ముక్క చదువు. ఇంకొకటి మనలాంటి సరిహద్దు ఊళ్లకే ఉన్న చిక్కు. మీ ఇంట్లో కొన్ని సిమ్ములు అటు ఒడిశాలో మీ పర్లాకిమిడిలో కొన్నవి, కొన్ని ఇటు పాతపట్నంలో కొన్నవి. ఫోన్ కంపెనీల లెక్కలో ఒక్కో ప్రాంతం ఒక్కో సర్కిల్: అటువి ఒడిశా సర్కిల్, ఇటువి ఆంధ్ర సర్కిల్. కొన్ని ప్యాకులు సర్కిల్‌ని బట్టి మారతాయి. కంపెనీ మార్చుకున్న నంబరైతే రీఛార్జి యాప్ పాత కంపెనీనే చూపించొచ్చు. కంపెనీ, సర్కిల్ రెండూ కళ్లతో చూశాకే డబ్బు కట్టు. బ్యాంకులో నమోదైన నంబరు మాత్రం రీఛార్జి లేకుండా ఎండబెట్టొద్దు. 90 రోజులు ఏ వాడకమూ లేక, బ్యాలెన్సు కూడా లేకపోతే నంబరు పోతుంది, దాంతో ఓటీపీలూ పోతాయి.

డిష్ విషయం తక్కువే. ఒడిశా చిరునామాతో తీసుకుంటే ఒడియా ప్యాకే ముందు చెప్తారు. తెలుగు ప్యాక్ దాని మీద కలపకుండా, ఏది చూస్తారో అది ఒక్కటే అడుగు, లేకపోతే రెండు భాషల వార్తాఛానెళ్లకీ డబ్బు కడుతుంటారు. నెలో రెండు నెలలో ఊళ్లో ఉండకపోతే తాత్కాలికంగా ఆపమని ముందుగా చెప్పొచ్చు.

అక్కయ్య తెప్పించుకునే తెలుగు పత్రిక దగ్గర జాగ్రత్త. చుట్టిన కాగితం మీద చీటీ ఉంటుంది: చందా నంబరు, ఏ సంచికతో అయిపోతుందో. కనీసం నెలన్నర ముందు డబ్బు పంపు, పంపేటప్పుడు ఆ చందా నంబరు రాయి. రాయకపోతే కొత్త చందాగా ఎక్కించుకుంటారు, కొన్నాళ్లు ఒకే సంచిక రెండేసి వస్తుంది, ఆ మేరకు కొత్త చందా ముందే అయిపోతుంది. చిరునామా తెలుగులో మాత్రమే ఇవ్వకు. తెలుగు పేరు, తెలుగు వీధి చూసి ఆంధ్రా అనుకుని 532తో మొదలయ్యే పిన్ వేసేస్తే కట్ట శ్రీకాకుళం వైపు తిరిగి వారం ఆలస్యంగా వస్తుంది. గజపతి జిల్లా, ఒడిశా, 761200 అని ఇంగ్లీషులో రాసివ్వు.

రద్దు చేశాక కూడా డబ్బు పోతే ముందు రద్దు చేసిన తెర ఫొటో, కోత తేదీ, యూపీఐ అయితే ఆ చెల్లింపు గుర్తింపు నంబరు, అంటే 12 అంకెల యూటీఆర్, దగ్గర పెట్టుకుని కంపెనీకి రాతపూర్వకంగా అడుగు. వినకపోతే 1915, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. చందాలో చేరడం ఒక్క నొక్కుతో, బయటపడటం పది తెరలతో ఉండేలా చెయ్యడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అని పేరు పెట్టి నిషేధించారు, ఫిర్యాదులో ఆ మాట వాడు. తప్పు బ్యాంకుదైతే బ్యాంకుకి రాసి 30 రోజులు చూడు, ఆ తరవాత బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. నంబర్ల కోసం గూగుల్‌లో వెతక్కు, మోసగాళ్లు కస్టమర్ కేర్ పేరుతో అక్కడే కాచుకుని ఉంటారు. బిల్లు మీదో యాప్ లోపలో ఉన్న నంబరుకే చెయ్యి. మోసపోతే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యి.

మీ ఇంట్లో ఒడియా క్యాలెండరు పక్కన తెలుగు క్యాలెండరు వేలాడుతుంది కదా, ప్రతి కోత తేదీకి మూడు రోజుల ముందు తెలుగుదాని మీద పెన్సిల్‌తో చుక్క పెట్టు.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: బావగారి డెబిట్ కార్డు మీద గడువు నెల చూడు. కొత్త కార్డు వచ్చాక పాత కార్డు మీద ఇచ్చిన అనుమతులు పనిచెయ్యకపోవచ్చు, అలాంటివి ఒక్కొక్కటీ మళ్లీ పెట్టాలి. అక్కర్లేని వాటిని వదిలించుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కానీ బీమా ప్రీమియం మాత్రం ఆగిందేమో ఆ మొదటి రోజే చూసి మళ్లీ పెట్టెయ్.