జింకల ఫొటోలకు క్రూగర్ కన్నా ఎటోషా ఎందుకు మేలంటే

ఆగస్టులో వెళ్తున్నారు, చేతిలో 100-400 mm జూమ్ లెన్స్ ఉంది, సింహాల కన్నా జింకలనే బాగా తీయాలనుంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు మంచిదా, నమీబియాలోని ఎటోషా నేషనల్ పార్కు మంచిదా, గైడ్ లేకుండా కుదురుతుందా? ఇదే కదండీ మీరు అడిగింది.

రెండుచోట్లా సొంతంగా కారు నడుపుకుంటూ తిరిగినవాడిగా చెప్తున్నా, జింకలే ముఖ్యమైతే ఎటోషాకే వెళ్లండి. క్రూగర్‌లో ఇంపాలా జింకలు ఎటు చూసినా ఉంటాయి గానీ చాలాచోట్ల పొదలు అడ్డం. సరిగ్గా క్లిక్ కొట్టే సమయానికి ఏదో ఒక కొమ్మ ముఖానికి అడ్డొస్తుంది. న్యాలా అనే జింక కావాలంటే మాత్రం అక్కడికే వెళ్లాలి. ఎటోషాలో ఆగస్టు నాటికి వానలు పడి నెలలు దాటి ఉంటాయి. అడవిలో నీళ్లు ఎండిపోయి చాలా జంతువులు నీటిగుంటలకే రావాలి. కాబట్టి గైడ్ అవసరం లేదు, ఓపిక కావాలి. మ్యాప్‌లో ఉన్న గుంటలన్నీ చుట్టేద్దామనుకోకుండా ఒక గుంట ఎంచుకుని, ఇంజన్ కట్టేసి, కనీసం రెండు గంటలు కూర్చోండి.

ఎందుకంటే కుడూ అనే పెద్ద జింక నేరుగా నీళ్ల దగ్గరికి రాదు. చెట్ల అంచునే ఆగిపోతుంది. ఒంటిమీది చారల వల్ల అక్కడుందని కూడా తెలియదు, చెవులు మాత్రం అటూఇటూ తిరుగుతుంటాయి. ఆ మెలికల కొమ్ముల మగది ఒక్కో అడుగూ వేస్తూ బయటికి వస్తుంటే, పక్క కారువాళ్లు 'ఇక్కడేం లేదు' అనుకుని బండి స్టార్ట్ చేస్తారు. అంతే, అది మళ్లీ పొదల్లోకి. ఒళ్లు మండిపోతుంది, కానీ ఏం చేస్తాం!

పార్కు దక్షిణం వైపు ఒకౌకుయో క్యాంపు దగ్గర నెబ్రౌనీ అనే గుంట ఉంది. చుట్టూ తెల్లటి బోడి నేల. స్ప్రింగ్‌బాక్, గెమ్స్‌బాక్ అనే జింకలు బాగా వస్తాయి. ఆ తెలుపు చూసి కెమెరా మోసపోయి జంతువును నల్లగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా ఉందో కెమెరా చూపే గ్రాఫ్) చూసుకోండి. గెమ్స్‌బాక్‌తో ఇంకో చిక్కుంది. దాని కన్ను ముఖం మీది నల్లచారలో కలిసిపోతుంది. పొద్దున్నే ఏటవాలు ఎండ ముఖం మీద పడితేనే కంట్లో మెరుపు వస్తుంది. అందుకే సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా బండి ఆపుకోండి. పొద్దెక్కాక నేల నుంచి వేడి సెగ లేస్తుంది, అప్పుడు దూరంగా ఉన్నదాన్ని ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా మసకగానే వస్తుంది.

స్ప్రింగ్‌బాక్ మన కృష్ణజింకకు దగ్గరి చుట్టమే. వీపు వంచి, నాలుగు కాళ్లూ బిగబట్టి గాల్లోకి ఎగురుతుంది చూడండి, దానికి 1/2000 సెకను షట్టర్ స్పీడ్ అయినా ఉండాలి. మంద మొత్తం మేత ఆపి ఒకే వైపు చూస్తుంటే ఫోకస్ సిద్ధం చేసుకోండి. అటువైపు సింహమో చిరుతో ఉండొచ్చు.

తూర్పున నమూటోని క్యాంపు దగ్గర చుడాప్ గుంటకు ఈలండ్ అనే భారీ జింకలు వస్తాయి. అక్కడే డిక్-డిక్ డ్రైవ్ అని చిన్న మట్టిరోడ్డు ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. డిక్-డిక్ అంటే 5 కిలోలు తూగే బుల్లి జింక. జంటగా ఒకే ఇలాకాలో ఉంటాయి కాబట్టి ఒకటి కనబడితే రెండోదాని కోసం ఆగండి. కంటి కింది గ్రంథిలోని నల్లటి జిగురును పుల్లలకు పూసి హద్దులు గుర్తుపెట్టుకుంటాయి. ఆ ఫొటో దొరికితే మీ అదృష్టం.

ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి. కంచె వేసిన క్యాంపుల్లో, టాయిలెట్ల దగ్గర తప్ప కారు దిగకూడదు. ఒక ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్లి, అక్కడి సూపర్‌మార్కెట్‌లో బియ్యం కొని నింపండి. కిటికీ మీద పెట్టి దానిపై లెన్స్ ఆన్చితే చాలు. దుమ్ము విపరీతం, బయట లెన్స్ మార్చొద్దు.

బస పార్కు లోపలే తీసుకోండి, గేట్లు సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు. ఒకౌకుయో గుంటకు రాత్రిళ్లు లైట్లుంటాయి. పార్కు బయట మాత్రం చీకటి పడకముందే బసకు చేరిపోండి. కుడూలు ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకుతాయి, పెద్ద మగది 200 కిలోలు దాటుతుంది. అద్దె కారు కాగితాల్లో రాత్రి డ్రైవింగ్ గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదువుకోండి.