బడి ప్రశ్నలు: బెండకాయ బండెక్కితే ఎన్ని పాఠాలు?

ప్రశ్న: రెండో తరగతి చెబుతున్నాను. కూరగాయలన్నీ బండెక్కి సంతకు వెళ్లే బొమ్మల గేయం పుస్తకం ఒకటి బడిలో ఉంది. 16 పేజీలు, పేజీకి రెండు పాదాలు. పిల్లలు 32 మంది, పుస్తకం ఒక్కటే. దీంతోనే తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఉపాధ్యాయిని, పటమట, విజయవాడ

జవాబు: అన్నీ ఒకే రోజు కలపకండి. మొదటి రోజు పాట మాత్రమే. మధ్యలో ఆపి "ఇదేం కాయ? ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే లయ తెగుతుంది, పిల్లలు బొమ్మల్ని వదిలేసి మీ ముఖం వైపు చూస్తారు. 32 మందికి ఒకేసారి చూపిస్తే వెనక వరుసకు బొమ్మ ఆనదు. సగం మందిని నేల మీద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి చదవండి. ఆ సేపు మిగతావాళ్లు నచ్చిన కూరగాయ బొమ్మ వేసుకుంటారు. తర్వాత వీళ్లు అటు, వాళ్లు ఇటు. పాదాలను మాత్రం చార్టు మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి.

రెండో రోజు ప్రాస. "బెండకాయ, బీరకాయ ప్రాస కుదిరాయి టీచర్" అని ఎవరో ఒకరు అంటారు. రెండింటి చివరా ఉన్నది 'కాయ' అన్న ఒకే మాట. అది ప్రాస కాదు, పునరుక్తి. తేడా తెలియడానికి ఇలాంటి జంట రాసి చూపించండి:

బెండకాయ బండి ఎక్కె
దొండకాయ కింద నక్కె

ఎక్కె, నక్కె: మాటలు వేర్వేరు, చివర 'క్కె' మాత్రం కలిసింది. పాదాల మొదట్లో 'బెండ', 'దొండ' కూడా జత కుదిరాయి. ఇప్పుడు చప్పట్లు కొట్టిస్తూ 'బెండకాయ' స్థానంలో వేరే కూరగాయలు పెట్టించండి. 'బీరకాయ', 'దోసకాయ' హాయిగా పడతాయి. 'కాకరకాయ' పెడితే చప్పట్ల మధ్య ఇరుక్కుంటుంది, 'వంకాయ' పెడితే చాలక సాగదీయాల్సి వస్తుంది. కారణం మాత్రలు, అంటే అక్షరాలు పలకడానికి పట్టే కాలపు కొలతలు: బెండకాయకు ఆరు, కాకరకాయకు ఏడు, వంకాయకు అయిదు. ఈ లెక్క మీకు తెలిస్తే చాలు, రెండో తరగతి పిల్లలకు గురువు (రెండు మాత్రల అక్షరం), లఘువు (ఒక మాత్ర అక్షరం) అనక్కర్లేదు. తప్పు వాళ్ల చేతులకే తెలుస్తుంది.

లెక్కలకు పుస్తకమంతా అక్కర్లేదు, ఆ బండి బొమ్మ ఉన్న ఒక్క పేజీ చాలు. ఎవరికి ఏ కూర ఇష్టమో బొమ్మల పట్టిక చేయించండి. అయితే బొమ్మలు ఇష్టమొచ్చిన సైజులో వేయిస్తే పాఠం చెడుతుంది. ఆరు పెద్ద వంకాయల వరుస ఎనిమిది చిన్న బెండకాయల వరుస కంటే పొడుగ్గా కనిపిస్తుంది, పిల్లలు ఆ పొడవునే చూసి వంకాయే గెలిచిందంటారు. అందరికీ 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలే ఇచ్చి, ముక్కకు ఒక్క బొమ్మే వేయించండి. మామూలు చార్టులో నాలుగో వంతు కత్తిరిస్తే 35 ముక్కలు వస్తాయి, తరగతికి సరిపోతాయి. ఇంకో రోజు తక్కెడ తెప్పించి పావుకిలో దొండకాయలు, పావుకిలో వంకాయలు తూచండి. తూచేముందు ఎన్నెన్ని తూగుతాయో ఊహించి పలక మీద రాయాలి. ఎక్కువ కాయలుంటే ఎక్కువ బరువని అనుకునేవాళ్లు అప్పుడు బయటపడతారు. రైతుబజారు బోర్డు మీది ధరలు తెచ్చి పావుకిలోకు ఎంతవుతుందో కట్టించడం నాలుగో తరగతి పని, ఇప్పుడే వద్దు.

1, 2 తరగతులకు పరిసరాల విజ్ఞానం విడి పుస్తకంగా ఉండదు, మూడు నుంచే మొదలవుతుంది. కాబట్టి వర్గీకరణ దాకా వెళ్తే చాలు: మనం తినేది ఆకా, వేరా, కాండమా, పువ్వా, కాయా? గోంగూర ఆకు, ముల్లంగి వేరు, కాలీఫ్లవర్ పువ్వు. చిక్కంతా బంగాళాదుంప దగ్గరే. మట్టిలో ఉంటుంది కదా అని అందరూ వేరనేస్తారు, అది కాండం. దుంప మీద గుంటల్లాంటి కళ్లు చూపించండి, మొలకలు వాటిలోంచే వస్తాయి. చిలగడదుంపలో మాత్రం మనం తినేది నిజంగా మొక్క వేరునే.

ప్రశ్న: మా రెండో తరగతి బాబు ఇలాంటి పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా గడగడా చదివేస్తాడు. తీరా చూస్తే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా చదువుతున్నాడు! ఏం చేయాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. గేయం నోటికి రావడం మంచిదే, చదవడం మాత్రం దాని తర్వాతి పని. ఒక పాదాన్ని పొడుగు కాగితం ముక్క మీద రాసి, మాటల వారీగా కత్తిరించి, కలిపేసి మళ్లీ వరుసగా పేర్చమనండి. మరునాడు ఒక మాట మార్చి రాయండి, 'బెండకాయ' బదులు 'బీరకాయ' అని. రెండూ 'బె', 'బీ'తో మొదలవుతాయి కనుక గుడ్డిగా చెప్పేవాడు పాత మాటే అంటాడు. అప్పుడు తిట్టకుండా వేలు ఆ అక్షరం మీద పెట్టి చూపండి. రోజుకు పది నిమిషాలు చాలు, పుస్తకం మొత్తం ఇలా ముక్కలు చేస్తే దాని మీదే విసుగు పుడుతుంది.

ప్రశ్న: బొమ్మల్లోని కూరగాయల్ని పిల్లలు తాకి, వాసన చూసేలా బుట్టలో పెడదామని ఉంది. గుంటూరు కదా, ఎండుమిర్చి కూడా పెట్టొచ్చా?
– అంగన్‌వాడీ కార్యకర్త, గుంటూరు

జవాబు: వద్దు. మిర్చిలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఉత్త నీళ్లతో కడిగినా చేతిని పూర్తిగా వదలదు. అదే చేత్తో కళ్లు నులుముకుంటే ఏడుపే. పొరపాటున ముట్టుకుంటే ముందు వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. మిర్చిని మూత బిగించిన గాజుసీసాలో పెట్టి చూపించండి. రంగు చూస్తారు, ఊపితే గింజల చప్పుడు వింటారు. బుట్టలోకి కరివేపాకు, కొత్తిమీర, నిమ్మకాయ, అల్లం చాలు.