తాత కాలిపెట్టె బుస్సుమంటోంది

ప్రశ్న: కడపలో మేం కొందరం హార్మోనియం పిచ్చోళ్లం. ఆదివారాల్లో ఒకరింటికి ఒకరం పోయి పెట్టెలు చూసి, వాయించి వస్తుంటాం. ఈసారి మా ఇంటి వంతు. మా తాత పద్యనాటకాల్లో తొక్కిన కాలి హార్మోనియం ఉంది. రెండు మెట్లు పలకవు, తొక్కితే గాలి బుస్సుమంటుంది. నలుగురి ముందు పెట్టొచ్చా? చర్చిల్లో ఉండే పైపు ఆర్గానూ ఇదీ ఒకటేనా?

జవాబు: భేషుగ్గా పెట్టు నాయనా! 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మనది, కాలిపెట్టెకు సిగ్గేంది?

రెండూ చుట్టాలే గానీ ఒకటి కాదు. పైపు ఆర్గానులో గాలి గొట్టాల్లో పలుకుతుంది. గొట్టం పొడవయ్యేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. 8 అడుగుల గొట్టం మామూలే, 16 అడుగులదీ ఉంటుంది. మన మిద్దెల్లో అది పట్టేదెట్ల? హార్మోనియంలో ఆ పని చిన్న ఇత్తడి రీడుదే, అంటే గాలికి అదిరే పల్చటి రేకుదే.

పలకని రీడు కింద ముందు దుమ్ము చూడు. పల్చటి కాగితం దూర్చి మెల్లగా లాగు. గీకొద్దు! కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. బుస్సుమంటే తిత్తి మడతల్లో తోలు పగిలిందేమో. మన ఎండలకు తోలు నిలుస్తుందా? అగరొత్తి పొగ కాస్త ఎడంగా పట్టు, చెదిరినచోటే కంత. ప్లాస్టిక్ టేపు వద్దు, పల్చటి తోలే అతికించు.

వచ్చినోళ్లకు ఉగ్గాని, బజ్జీ పెడితే మాత్రం చేతులు కడిగించాకే మెట్లు ముట్టనియ్యి.