గట్టు మీద పిల్లలకు చదువు: రేపు ఉంటారో లేదో తెలియనప్పుడు ఎలా నేర్పాలి?

"ఏటిగట్టు మీద గుడిసెల్లో పదీ పన్నెండేళ్ళ పిల్లలున్నారు, చదవడం రాదు. సాయంత్రాలు నేర్పాలనుంది. కానీ ఎన్నాళ్ళుంటారో తెలియదు, మొదలుపెట్టి లాభముందా?" అని అడిగారు. ఉందండి. కాకపోతే బడిలో చెప్పినట్టు చెబితే లాభం లేదు. నేను ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను. ఆరేళ్ళకు పైగా వారానికి మూడు సాయంత్రాలు గోదావరి పాయ వశిష్ఠ గట్టు మీద కూర్చుని ఈ పిల్లలకు చదువు చెబుతున్నాను.

మా దగ్గరికొచ్చే పిల్లలందరిదీ ఒకటే పరిస్థితి కాదు. లంకలో, అంటే ఏటి మధ్య దీవిలో, ఇల్లు ఏటికోతకు పోయి గట్టెక్కినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు. ఇటుక బట్టీవాళ్ళు వానలు పడేదాకా ఉంటారు. చేపల చెరువు కాపలాకి వచ్చినవాళ్ళు యజమాని ఉండమన్నన్నాళ్ళు. కోతలయ్యాక బాతులు తోలుకొచ్చేవాళ్ళయితే చేలో మేత అయిపోతే కదిలిపోతారు, ఒక్కోసారి పదిరోజులు కూడా ఉండరు.

మొదటి ఏడాది నేను అ నుంచి బండిర దాకా వరసగా చెప్పుకుంటూ వెళ్ళాను. పుస్తకాలు తడుస్తాయని నా సంచిలోనే పెట్టుకునేదాన్ని. బట్టీలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి, ఒక్కరోజు మానేది కాదు. నాలుగు నెలలకు గుణింతాలు మొదలుపెట్టాం. ఒక సోమవారం వెళితే గుడిసె లేదు, మూడు పొయ్యిరాళ్ళూ బూడిదా మిగిలాయి. మేస్త్రీ రాత్రికి రాత్రే వేరే బట్టీకి తీసుకెళ్ళాడన్నారు. దాని పుస్తకం నా సంచిలోనే ఉండిపోయింది. అంతకంటే బాధేంటంటే, నాలుగు నెలలు నా దగ్గర కూర్చున్న ఆ పిల్ల ఒక్క మాట కూడా చదవలేకుండా వెళ్ళిపోయింది. నేను మాటల దాకా రానేలేదు మరి.

అప్పటినుంచి ఏ రోజు పాఠం ఆ రోజుకి పూర్తయ్యేలా చూసుకుంటున్నాను. మొదటిరోజే మాట చదివిస్తాను. వల, పడవ, వరద. గుణింతం లేదు, ఒత్తు లేదు, అన్నీ వాళ్ళు రోజూ అనే మాటలే. తర్వాత సున్నాతో లంక, గుణింతాలతో గోదారి, ఒత్తుతో గట్టు. "అక్కా, వరదంటే మూడక్షరాలేనా?" అని ఒక పిల్లాడు వేలితో మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నాడు. వాడి ఇల్లు వరదలోనే పోయింది.

వయసు చూసి కూర్చోబెట్టకండి. అక్షరాలు, మాటలు, నాలుగు లైన్లు, చిన్న కథ, ఈ నాలుగూ చూపిస్తే ఎక్కడ ఆగారో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. కానీ పద్నాలుగేళ్ళవాడిని ఆరేళ్ళవాళ్ళ మధ్య కూర్చోబెడితే మర్నాడు రాడు. అలాంటివాళ్ళకి రేషన్ కార్డు మీద అమ్మ పేరు, బస్సు బోర్డు ఇస్తాను.

పుస్తకం పిల్లల దగ్గరే ఉండాలి, మందపాటి ప్లాస్టిక్ కవర్లో, ఆధార్ కార్డులతో పాటు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు లంకలు మునిగిపోయాయి. వరదొస్తే బడే పునరావాస కేంద్రమవుతుంది కదా, అక్కడ పాఠాలుండవు. టార్పాలిన్ కింద ఆ కవర్లు విప్పి చదువుకున్నాం. ప్రతి పుస్తకం చివరి పేజీలో నేను ఒక మాట రాస్తుంటాను: "మాటలు చదువుతుంది, ఒత్తులు ఇంకా రాలేదు." ఎక్కడికెళ్ళినా అక్కడి టీచరు మళ్ళీ అ ఆ ల దగ్గర మొదలుపెట్టకుండా.

బడిలో చేర్చేటప్పుడు టీసీ లేదని తిప్పి పంపితే ఊరుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడినదానికి ప్రత్యేకంగా నేర్పాలి. ఇది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. ఒక బడిలో నన్ను రెండుసార్లు తిప్పారు. మూడోసారి ఆ సెక్షన్ ప్రింటు తీసుకుని, పిల్లాడి తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాను. గొడవ పడలేదు, చదివి వినిపించానంతే. ఆ రోజే చేర్చుకున్నారు.

ఇంకొక పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. ఒకసారి "మా ఇల్లు" గురించి రాయమన్నాను. ఇద్దరు పెన్సిళ్ళు కింద పెట్టేశారు. ఇప్పుడు చేపల గురించి, బాతుల గురించి, వాళ్ళమ్మ వండే కూర గురించి రాయమంటాను. ఇల్లు ఎక్కడ, ఎందుకు వచ్చేశారు అని అడగను. వాళ్ళే చెబితే వింటాను. ఫోటోలు తీయను.

మొదటి వారం ఊరికే వెళ్ళి తల్లులతో మాట్లాడండి. గుడిసెలో కాకుండా అందరికీ కనబడేచోట కూర్చోండి. ఆడపిల్లలు చాలామంది చంటిపిల్లల్ని ఎత్తుకునే వస్తారు. చంటిదాన్ని ఇంట్లో దింపి రమ్మంటే ఇద్దరూ రారు. దానికీ ఒక చాప వేయండి.