బెల్టు షాపుకు దూరంగా ఇల్లు మారితే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మా ఆయన ఇళ్లకు రంగులు వేస్తారు. రోజు కూలి 800 రూపాయలు. నేను ఇంట్లో కుట్టుపని చేసి నెలకు 6,000 సంపాదిస్తాను. వీధి చివరే బెల్టు షాపు. తాగుడుకే నెలకు 5,000 పోతోంది. సోమవారం పనికి వెళ్లరు. ఇప్పుడు అద్దె 3,500. మూడు కిలోమీటర్ల అవతల 5,000కు ఇల్లు ఉంది. మారమంటారా? పాపకు ఏడేళ్లు. - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీకు పోతున్నది 5,000 కాదు. నాలుగు సోమవారాల కూలి 3,200 కలిపితే 8,200. నెల జీతగాడు ఆదివారం రాత్రి అంతే తాగి మర్నాడు సెలవు పెట్టినా జీతం తెగదు, మీ ఆయనకు కూలి తెగుతుంది. పేదలు తాగుడు వల్లే పేదలయ్యారని తేలిగ్గా అనేవారితో నాకు పేచీ ఇక్కడే. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 43 శాతం మంది తాగుతారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లంతా కూలివాడల్లో ఉండేవాళ్లు కారు. తాగింది అంతే అయినా, కూలి ఇంటికి దెబ్బ పెద్దది.

అలాగని వాడ ప్రభావం లేదని కాదు. లైసెన్సు లేని బెల్టు షాపు సీసా మీద పదో ఇరవయ్యో ఎక్కువ వేసుకుంటుంది, వేళాపాళా లేకుండా అమ్ముతుంది, అన్నిటికంటే ముఖ్యంగా అరువిస్తుంది. చేతిలో డబ్బు లేని రోజున ఆగాల్సిన తాగుడు ఆగదు. కూలి అందిన సాయంత్రం ఆ బాకీ తీరాకే మిగిలింది ఇంటికొస్తుంది.

అయినా ఇప్పుడే మారవద్దంటాను. అద్దె 1,500 పెరుగుతుంది. మీ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు ఈ వీధివాళ్లే అయితే, కొత్తచోట మీ రాబడి సగమైనా తగ్గుతుంది. అంటే నెలకు 4,500 భారం. ఇప్పుడు పోతున్న 8,200లో సగానికి పైగా ఆగితే తప్ప అది పూడదు. పైగా పని ముగిసి వచ్చే దారిలో ఇంకో షాపు ఉండదని ఎవరు చెప్పగలరు?

ముందు డబ్బు వచ్చే దారి మార్చండి. తాగని పూట కూర్చుని ఆయనతోనే మాట్లాడండి. కూలిలో రోజుకు 300 ఆయన ఉంచుకుని, మిగతాది మేస్త్రీ మీ ఖాతాకు ఫోనులో పంపేలా ఒప్పించండి. ఆయనకు తెలియకుండా చేస్తే ఒక్క వారం కూడా నిలవదు. మీ పేర పోస్టాఫీసులో ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరవండి. నెలకు 3,000 చొప్పున కడితే, 6.7 శాతం వడ్డీతో చివరికి సుమారు 2.14 లక్షలు. పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా కూడా తెరవవచ్చు. ఏడాదికి 250 కట్టినా చాలు. ఆయనకు 50 ఏళ్లు దాటకపోతే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా వెంటనే తీసుకోండి, ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రక్షణ. మీరు మహిళా పొదుపు సంఘంలో ఉంటే, ఆ సంఘం అప్పు మాత్రం ఆయన బాకీల కోసం ఎత్తకండి.

షాపు సంగతి మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, సంఘం మొత్తం కలిసి ఎక్సైజ్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే తర్వాత రోజుకు రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. సారా మానిపిస్తే చాలదని, మిగిలిన రూపాయికి ఒక చోటు కావాలని వాళ్లకు తెలుసు.

ఇంకొకటి, ఇది డబ్బు సంగతి కాదు. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆయన మానేస్తానంటే ముందు ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించండి. వ్యసన విముక్తి సాయం కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.