మైదానానికైతే సంతకం పెట్టండి, గ్యాలరీకి వద్దు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది బరంపురం, బిజిపూర్ వైపు. మా అబ్బాయి అమెరికాలో షార్లెట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఫుట్‌బాల్ స్టేడియం బాగు చేయడానికి ఆ ఊరి కార్పొరేషనే 650 మిలియన్ డాలర్లు ఇస్తోందట. ఆదివారం ఫోన్‌లో దీని మీద మావారికీ వాడికీ పెద్ద వాదన. “కోటీశ్వరుడి స్టేడియానికి జనం డబ్బెందుకురా?” అని ఈయన. “టీము వెళ్ళిపోతే ఊరి పేరూ పోతుంది, హోటళ్ళ వ్యాపారమూ పోతుంది నాన్నా” అని వాడు. ఇక్కడేమో మా వార్డు కుర్రాళ్ళు మైదానం చుట్టూ గ్యాలరీ కట్టి, ఫ్లడ్‌లైట్లు పెట్టి స్టేడియం చేయమని కార్పొరేషన్‌కి అర్జీ రాసి, ఇంటింటికీ సంతకాలకు తిరుగుతున్నారు. పెట్టమంటారా, వద్దంటారా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, నేను ఒడిశా మునిసిపాలిటీల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి అర్జీలు చాలా చూశాను. ముందు షార్లెట్ సంగతి చెప్పి మీ వార్డుకి వస్తాను.

అక్కడ ప్రధానంగా ఆడేది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టు పేరు కరోలినా పాంథర్స్. మనకు తెలిసిన ఫుట్‌బాల్ ఆడే షార్లెట్ ఎఫ్‌సీ కూడా 2022 నుంచి అదే స్టేడియంలో ఆడుతోంది. 1996లో తెరిచిన ఆ స్టేడియంలో దాదాపు 75 వేల మంది కూర్చోవచ్చు. సీట్లు, పెద్ద తెరలు, మరుగుదొడ్లు, తిండి స్టాళ్ళు అన్నీ కొత్తవి చేయడానికి 800 మిలియన్ డాలర్లు అవుతుందన్నారు. అందులో 650 నగరం ఇచ్చేట్టు, మిగతాది యజమాని పెట్టేట్టు 2024 జూన్‌లో అక్కడి కౌన్సిల్ ఓటేసి ఒప్పుకుంది. అప్పటి మారకం లెక్కన నగరం వాటా సుమారు 5,400 కోట్ల రూపాయలు. బదులుగా జట్టు ఊరు వదిలి పోకూడదని ఒప్పందం. స్టేడియం మాత్రం నగరానిది కాదు, జట్టు యజమానిదే. ఇల్లు ఒకరిది, రిపేరు ఖర్చు వీధివాళ్ళందరిదీ అన్నట్టుంది. మీవారి కోపంలో న్యాయం ఉంది.

మీ అబ్బాయి ఇంకో మాట కూడా అనే ఉంటాడు: ఆ డబ్బు స్కూళ్ళకో రోడ్లకో పోవలసింది కాదు, హోటల్ గదుల మీదా బయటి తిండి మీదా వేసే పన్ను, చట్టప్రకారం పర్యాటకానికే ఖర్చు పెట్టాలి అని. అది నిజమే. కానీ ఆ తిండి పన్ను కట్టేది ఊరు చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రమే కాదు. మీవాడు శనివారం రాత్రి స్నేహితులతో బయట దోసె తిన్నా బిల్లులో అదనంగా ఒక శాతం పడుతుంది. బిల్లు ఒకసారి తీసి చూసుకోమనండి.

“టీము వెళ్ళిపోతుంది” అన్న భయం ఉత్తిది కాదు. సెయింట్ లూయిస్ అనే నగరంలో 1995లో జనం డబ్బుతో పెద్ద డోమ్, అంటే పైకప్పున్న స్టేడియం, కట్టి రామ్స్ అనే జట్టును తెచ్చుకున్నారు. 2016లో ఆ జట్టు లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళిపోయింది. అప్పటికి డోమ్ అప్పు ఇంకా తీరలేదు. ఆడేవాళ్ళు లేకపోయినా కొన్నేళ్ళు కిస్తీలు కట్టారు. చివరికి నగరంవాళ్ళు కోర్టుకెక్కితే 2021లో 790 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. ఇది చూసి కొందరు “అందుకే అడిగినంత ఇచ్చెయ్యాలి” అంటారు. ఎంత ఇచ్చినా పోయే జట్టు పోతుందని నాకు అర్థమైంది. 2024 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీ ఉన్న జాక్సన్ కౌంటీలో స్టేడియాల కోసం అమ్మకం పన్ను పొడిగించాలా అని జనాన్నే అడిగారు. వద్దని తేల్చేశారు. జనాన్ని అడగడం నాకు నచ్చింది.

వ్యాపారం సంగతంటారా, ఈ విషయం చదివిన ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది ఒకటే చెబుతున్నారు. మ్యాచ్‌కి పోయి ఖర్చు పెట్టిన కుటుంబం ఆ నెల సినిమాకో హోటల్‌కో పెట్టే డబ్బే అక్కడ పెడుతుంది. ఊళ్ళో డబ్బు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారుతుందంతే. పైగా ఆ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో సొంత ఊళ్ళో ఆడే లీగ్ మ్యాచ్‌లు ఎనిమిదో తొమ్మిదో. నేనే షార్లెట్ కౌన్సిల్లో ఉంటే చెయ్యెత్తేవాణ్ణి కాదు.

ఇక మీ వార్డు. ఇక్కడ తేడా ఏమిటంటే, మైదానం జనానిది. దాని మీద ఊరి డబ్బు పెట్టడం తప్పు కాదు, పెట్టి తీరాలి కూడా. దేనికి పెడతారన్నదే నా ప్రశ్న.

నేను పనిచేసిన ఒక పట్టణంలో సరిగ్గా మీ కుర్రాళ్ళు అడిగినట్టే చేశారు. మూడు వైపులా గ్యాలరీ, నాలుగు మూలలా లైట్ల టవర్లు, పెద్ద ఇనుప గేటు. ప్రారంభోత్సవం రోజు బాగానే వెలిగాయి. అంచనాలో కట్టడానికి పైసా పైసా లెక్కుంది కానీ కరెంటు బిల్లుకి, మాడిపోయిన బల్బుల మార్పిడికి ఒక్క లైను లేదు. కొన్నాళ్ళకి లైన్ కట్ చేశారు. అది పెద్ద బాధ కాదు. “ఖరీదైన ఆస్తి, పాడు చేస్తారు” అని గేటుకి తాళం పడింది. తెల్లారగానే వచ్చి ఆడుకునే పిల్లలు, నడిచే ఆడవాళ్ళు, పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు అందరూ రోడ్డు మీద పడ్డారు. లారీలు తిరిగే రోడ్డు అది. లోపల గోల్‌పోస్టు చుట్టూ మోకాలెత్తు గడ్డి. అప్పట్నుంచీ స్టేడియం అర్జీ ఏది చూసినా ముందు నాకు ఆ తాళం గుర్తొస్తుంది.

గ్యాలరీ కప్పు గురించీ ఒక మాట. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది కదా, మన గంజాంలో రేకులు ఎలా ఎగిరాయో మీరూ చూసే ఉంటారు. అలాంటి గాలికి నిలబడే కప్పు వేయాలంటే ఉక్కూ పునాదులూ బరువెక్కి ఖర్చు తడిసి మోపెడవుతుంది. చవకగా వేస్తే తర్వాతి తుఫానుకి పోతుంది.

అలాగని పెద్ద స్టేడియాలన్నీ దండగని నేననను. రూర్కెలాలో 2023 హాకీ ప్రపంచకప్ కోసం 20 వేల సీట్లతో బిర్సా ముండా స్టేడియం కట్టారు. సుందర్‌గఢ్ పల్లెల్లో మేకపోతు బహుమతిగా పెట్టి హాకీ ఆడే ఊళ్ళు ఎప్పట్నుంచో ఉన్నాయి, అక్కడి పిల్లలు దేశానికి ఆడారు. ఆట ముందుంది, స్టేడియం తర్వాత వచ్చింది. బ్రెజిల్‌లోని మనౌస్‌లో తిరగేశారు. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి అమెజాన్ అడవి మధ్య ఊళ్ళో 40 వేల పైచిలుకు సీట్ల స్టేడియం కట్టారు. ప్రపంచకప్‌లో అక్కడ జరిగినవి నాలుగే మ్యాచ్‌లు. ఆ తర్వాత దాన్ని నింపేంత పెద్ద జట్టు ఆ ఊళ్ళో లేదు.

కాబట్టి కుర్రాళ్ళు మళ్ళీ వస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడండి. ఆట మీద ప్రేమతో తిరుగుతున్నారు, వాళ్ళని నిరుత్సాహపరచొద్దు. అర్జీ మాత్రం మార్చి రాయమనండి. మొదట నీళ్ళు పోయే దారి. వానాకాలంలో మన మైదానాలు చెరువులవుతాయి. నేల మధ్యలో కాస్త ఎత్తు చేసి అంచులకు వాలు ఇచ్చి, కింద ఇసుక పొర, చిల్లుల పైపులు వేస్తే వాన వెలిసిన కాసేపటికే ఆడుకోవచ్చు. ఈ పని ఎవరికీ కనబడదు, రిబ్బను కత్తిరించడానికి ఏమీ ఉండదు. అందుకే ఎవరూ చేయరు. తర్వాత ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి. అవి లేకపోతే పద్నాలుగేళ్ళు దాటిన పిల్లను ఏ తల్లి పంపుతుంది? లైట్లు కావాలంటే పిల్లల ప్రాక్టీసుకి 200 లక్స్ (వెలుతురు కొలత) చాలు. టీవీలో చూపించే మ్యాచ్‌కి కావలసినది దానికి ఎన్నో రెట్లు, అంత మనకెందుకు? గేటు తెల్లవారుజామున, సాయంత్రం ఉచితంగా తెరిచి ఉంచాలని అర్జీలోనే రాయించండి. ఏటా నిర్వహణకి బడ్జెట్‌లో ఎంత పెడతారో కూడా అడగమనండి. ఇలా రాస్తే మీరు సంతకం పెట్టండి, మీవారి చేతా పెట్టించండి.

ఒకవేళ ఈపాటికే కార్పొరేషన్‌లో అంచనా తయారైపోయి ఉంటే, సమాచార హక్కు కింద దాని కాపీ అడగొచ్చు. ఒడిశాలో ఫారం-ఏ నింపి 10 రూపాయల ఫీజు కట్టాలి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాపీ చేతికొచ్చాక నిర్వహణ ఖర్చు పద్దు ఉందో లేదో చూసి నాకు రాయండి. అంకెలు అర్థం కాకపోతే ఆ పేజీల జిరాక్సు పంపినా సరే, చదివి చెబుతాను.