డిస్క్‌ని వర్ట్‌ఐఓకి మార్చాక విండోస్ వీఎం లేవట్లేదా? రీఇన్‌స్టాల్ చెయ్యకండి

ప్రాక్స్‌మాక్స్‌లో (ఒకే సర్వర్ మీద చాలా కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ 10 వీఎం (వర్చువల్ మెషీన్, అంటే అలా నడిచే కంప్యూటర్), స్పీడ్ కోసం డిస్క్‌ని ఐడీఈ (పాత తరహా డిస్క్ కనెక్షన్) నుంచి వర్ట్‌ఐఓ స్కజీకి (వీఎంల కోసమే చేసిన వేగమైన కనెక్షన్) మార్చారు, ఇప్పుడు ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని బ్లూ స్క్రీన్. ఇదే కదా మీ సమస్య? మీ డేటా ఎక్కడికీ పోలేదండీ.

నాకూ అచ్చం ఇదే అయ్యింది. పూర్ణా మార్కెట్‌లో మా బావగారి హోల్‌సేల్ షాపు బిల్లింగ్ అంతా ఒక వీఎంలో ఉంటుంది. రాత్రి షాపు కట్టేశాక గాజువాకలో ఇంటి దగ్గర కూర్చుని డిస్క్ మార్చాను. విండోస్ గుర్తు కింద చుక్కలు రెండు చుట్లు తిరగడం, నీలం తెర, మళ్లీ రీస్టార్ట్. తెల్లారితే లోడ్లు దిగుతాయి, బిల్లు లేకుండా సరుకు కదలదు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

అసలు చిక్కు డ్రైవర్‌ది, అంటే ఒక పరికరంతో విండోస్ మాట్లాడటానికి కావలసిన చిన్న ప్రోగ్రామ్‌ది. ఆ డ్రైవర్ ఫైల్ ఉండేదీ డిస్క్‌లోనే, ఆ డిస్క్ కనపడాలంటే కావలసిందీ ఆ డ్రైవరే. అందుకే విండోస్ బూట్ మొదట్లో ఏ స్టోరేజ్ డ్రైవర్లు ఎక్కించాలో ముందే రాసి పెట్టుకుంటుంది. వర్ట్‌ఐఓ డ్రైవర్ విండోస్‌తో రాదు, మనమే వెయ్యాలి, పైగా ఆ పరికరం ఒక్కసారైనా విండోస్ కంటికి కనపడాలి.

కాబట్టి ముందు వీఎం బ్యాకప్ తీసుకుని, డిస్క్‌ని తిరిగి ఐడీఈకి పెట్టి మామూలుగా బూట్ చెయ్యండి. తర్వాత షట్‌డౌన్ చేసి, 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి స్కజీ మీద తగిలించి, వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓని (సీడీ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) సీడీగా పెట్టి, వీఎం ఆన్ చెయ్యండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కంట్రోలర్ కనపడుతుంది, దానికి డ్రైవర్‌గా ఆ సీడీలోని ‘వయోస్కజీ’ ఫోల్డర్‌లో డబ్ల్యూ10, అందులో ఏఎండీ64 చూపించాలి (64 బిట్ విండోస్ అయితే ఇంటెల్ ప్రాసెసర్‌కి కూడా అదే). నేను గంటన్నర పోగొట్టుకున్నది ఇక్కడే: పక్కనే ‘వయోస్టోర్’ ఉంటుంది, అది వర్ట్‌ఐఓ బ్లాక్ అనే ఇంకో రకం డిస్క్ కనెక్షన్‌కి, స్కజీకి పనికిరాదు. సరైనది పడితే పేరులో ‘పాస్ త్రూ కంట్రోలర్’ అని వస్తుంది, పసుపు గుర్తు పోతుంది.

ఇక షట్‌డౌన్ చేసి, ఖాళీ డిస్క్ తీసేసి, అసలు డిస్క్‌ని డిటాచ్ చేసి స్కజీగా పెట్టండి. డిటాచ్ చేయగానే బూట్ ఆర్డర్‌లోంచి కూడా పోతుంది, ఆప్షన్స్‌లోకి వెళ్లి మళ్లీ టిక్ పెట్టాలి, లేకపోతే ‘బూట్ డిస్క్ లేదు’ అంటుంది, డ్రైవర్ పని చెయ్యలేదేమో అని కంగారు పడతారు. అప్పటికీ రాకపోతే హార్డ్‌వేర్ పేజీలో స్కజీ కంట్రోలర్ ఎదురుగా ఏ పేరు ఉందో చెప్పండి, చూద్దాం.